కోచ్ కుర్చీలో మూడు సీజన్లు కూర్చున్నాక: ఫుట్‌బాల్ మేనేజర్ 26 రివ్యూ

మ్యాచ్ మొదలయ్యే ముందు లైనప్ వస్తుంది కదా, నా గొడవ అక్కడే మొదలవుతుంది. పోయిన వారం అంత బాగా ఆడిన కుర్రాణ్ణి బెంచ్ మీద ఎందుకు కూర్చోబెట్టారు, ఆరు మ్యాచ్‌లుగా గోల్ కొట్టని వింగర్‌ని మళ్లీ ఎందుకు దింపారు, సెంటర్ బ్యాక్‌ని తీసుకొచ్చి లెఫ్ట్ బ్యాక్‌లో ఎందుకు ఆడిస్తున్నారు. కిక్ ఆఫ్ అవకముందే ఫ్రెండ్స్ గ్రూపులో ఇరవై మెసేజ్‌లు పెట్టేస్తాను. పోయిన సీజన్‌లో మా టీమ్ వరసగా ఓడిపోతున్న రోజుల్లో ఒక ఫ్రెండ్ విసిగిపోయి "ఒరేయ్, ఇన్ని చెప్తున్నావు కదా, ఆ కుర్చీలో నువ్వే ఒకసారి కూర్చుని చూడరాదూ" అన్నాడు. కోపంగా అన్నా ఆ మాట నన్ను వదల్లేదు. అలా ఫుట్‌బాల్ మేనేజర్ 26 అనే కంప్యూటర్ గేమ్ కొన్నాను, మూడు సీజన్లు నడిపాను. ఈ రివ్యూ ముఖ్యంగా నాలాంటి వాళ్ల కోసం, అంటే లైనప్ చూడగానే ఒళ్లు మండేవాళ్ల కోసం.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇందులో బంతిని మనం తన్నం. స్క్వాడ్ (ఆటగాళ్ల మొత్తం బృందం) కట్టడం, కొనడం, అమ్మడం, ట్రైనింగ్, ఫార్మేషన్, ప్రెస్ మీట్, ఎవరు ఆడాలి ఎవరు కూర్చోవాలి అన్నది, ఇవన్నీ మన పని. మ్యాచ్ నడుస్తుంటే టచ్‌లైన్ దగ్గరున్నట్టు చూస్తూ సూచనలు ఇస్తాం, సబ్‌లు (ఆటగాళ్ల మార్పులు) చేస్తాం, అంతే. 1992లో పాల్ కోలియర్, ఆలివర్ కోలియర్ అనే అన్నదమ్ములు ఛాంపియన్‌షిప్ మేనేజర్ పేరుతో దీన్ని మొదలుపెట్టారు. 2004 చివర్లో ఫుట్‌బాల్ మేనేజర్ అన్న పేరు వచ్చింది. తయారుచేసేది స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, విడుదల చేసేది సెగా. దీని డేటాబేస్ మీద ఎంత నమ్మకమంటే 2008లో ఎవర్టన్ క్లబ్బే ఆటగాళ్లను వెతకడానికి దాన్ని వాడుకునే ఒప్పందం చేసుకుంది.

నేను తీసుకున్నది టేబుల్ మధ్యలో ఉండే ఒక ప్రీమియర్ లీగ్ క్లబ్. మొదటి రోజే, ఏళ్ల తరబడి నేను అరుస్తున్న పని చేశాను. ముప్పై రెండేళ్ల కెప్టెన్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టి, పందొమ్మిదేళ్ల మిడ్‌ఫీల్డర్‌ని దింపాను. కాగితం మీద చూస్తే సరైన పనే, కుర్రాడి వేగం ఎక్కువ, పాసింగ్ బాగుంది. మూడు మ్యాచ్‌లకి కెప్టెన్ మీటింగ్ అడిగాడు. అతని కాంట్రాక్టులో రెగ్యులర్ స్టార్టర్ అని మాట ఇచ్చి ఉంది, ఆ మాట ఇచ్చింది నేను కాదు, నాకంటే ముందున్నవాళ్లు. నేను సర్దిచెప్పలేకపోయాను. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరి మాటకి ఎంత విలువుందో, ఎవరెవరు ఒక గుంపుగా ఉంటారో ఈ గేమ్ ఒక స్క్రీన్ మీద చూపిస్తుంది. ఆ పటంలో అన్నిటికంటే పైన ఉన్నది అతనే. వారం తిరిగేసరికి మరో ఐదుగురి ముఖాలు మాడిపోయాయి, ఆటలో ఉసూరుమంటూ పరిగెత్తారు. కుర్రాడేమో వరసగా పదకొండు మ్యాచ్‌లాడి అలసిపోయి కండరం పట్టేసి రెండు నెలలు పడుకున్నాడు. నేనే అలా వాడాను. బయట కూడా ఇది జరిగేదే. బార్సిలోనా పెద్రీ పద్దెనిమిదేళ్ల వయసులో 2020-21 సీజన్‌లో క్లబ్బుకీ దేశానికీ ఒలింపిక్స్‌కీ కలిపి 73 మ్యాచ్‌లాడాడు, మరుసటి సీజన్ చాలావరకు గాయాలతోనే పోయింది. "ఆ కుర్రాణ్ణి ఎందుకు ఆడించరు" అని అడిగే ముందు అతను నెల రోజుల్లో ఎన్ని నిమిషాలాడాడో చూడడం నాకు ఈ గేమ్ వల్లే అలవాటైంది.

రెండో దెబ్బ ఫార్మేషన్‌ది. వెనక ముగ్గురిని పెట్టి ఆడే పద్ధతంటే నాకు ఇష్టం, వచ్చీ రావడంతోనే అది పెట్టాను. గేమ్‌లో జట్టుకి ఆ పద్ధతి ఎంత అలవాటైందో చూపించే గీత ఒకటి ఉంటుంది, అది మొదట్లో కింద నేల మీదుంటుంది, వారాల తరబడి ట్రైనింగ్ చేస్తేగానీ పైకి రాదు. పైగా నా స్క్వాడ్‌లో వింగ్ బ్యాక్ (పక్క గీత వెంట పైకీ కిందకీ తిరిగే డిఫెండర్) అనదగ్గవాడు ఒక్కడూ లేడు. వింగర్లు ఐదుగురున్నారు, వాళ్లకి ఈ పద్ధతిలో చోటే లేదు. ఇక్కడ నాకు మాంచెస్టర్ యునైటెడ్ 2024-25 సీజన్ గుర్తొచ్చింది. కోచ్ ఎరిక్ టెన్ హాగ్‌కి 2024 జులైలో కాంట్రాక్టు పొడిగించారు, అదే ఏడాది అక్టోబర్ 28న తీసేశారు. నవంబర్‌లో రూబెన్ అమోరిమ్ వచ్చాడు. అతను పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌లో 3-4-3 (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) తోనే గెలిచాడని అందరికీ తెలుసు. తెలిసీ, నలుగురు డిఫెండర్ల పద్ధతికి కొన్న స్క్వాడ్‌ని సీజన్ మధ్యలో అతని చేతిలో పెట్టారు. లీగ్‌లో 42 పాయింట్లతో 15వ స్థానం, యూరోపా లీగ్ ఫైనల్‌లో టాటెన్‌హామ్ చేతిలో 1-0 ఓటమి. అభిమానులు పద్ధతి మార్చమని అరిచారు, అతను మార్చలేదు. అరవడం న్యాయమే. కానీ నేను ఆ కుర్చీలో కూర్చున్నాక ముందు అడగాలనిపించిన ప్రశ్న వేరు. ఈ స్క్వాడ్‌కి ఈ కోచ్ అని ఎవరు అనుకున్నారు, ఏం చూసి అనుకున్నారు? ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు టచ్‌లైన్ మీద నిలబడరు, మ్యాచ్ అయ్యాక మైకు ముందుకీ రారు, అందుకే మన కోపం వాళ్లదాకా చేరదు.

ఈ గేమ్ ఇంతకంటే గొప్పగా నేర్పింది ఇంకొకటుంది, రిజిస్ట్రేషన్ రోజు. ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లని కొని అమ్మే గడువు) మూసేశాక ఆడేవాళ్ల జాబితా ఇవ్వాలి. ప్రీమియర్ లీగ్‌లో 25 మంది, అందులో హోమ్‌గ్రోన్ కానివాళ్లు 17 మందికి మించకూడదు, 21 ఏళ్లలోపు వాళ్లని జాబితాలో చేర్చక్కర్లేదు. హోమ్‌గ్రోన్ అంటే ఆ దేశంవాడని నేను చాన్నాళ్లు అనుకున్నాను, కాదు. 21 ఏళ్లు నిండే లోపు మూడు సీజన్లు ఇంగ్లండ్, వేల్స్ క్లబ్బుల్లో రిజిస్టరై ఉంటే చాలు. సెస్క్ ఫాబ్రెగాస్ స్పెయిన్‌వాడు, పదహారేళ్లకి ఆర్సెనల్‌కి వచ్చాడు కాబట్టి తర్వాత చెల్సీకి వెళ్లినప్పుడు కూడా హోమ్‌గ్రోనే. యూరప్ పోటీల లెక్క ఇంకోటి. అక్కడ 25లో 8 స్థానాలు స్థానికంగా తయారైనవాళ్లకి, ఆ ఎనిమిదిలో నాలుగు సొంత క్లబ్బులో పెరిగినవాళ్లకే. అలాంటివాళ్లు లేకపోతే ఆ స్థానాలు ఖాళీగా వదిలేయాలి, జాబితా కుంచించుకుపోతుంది. నా రెండో సీజన్‌లో మేము యూరప్ పోటీలకి వెళ్లాం. ఆనందంలో ఉండగానే జాబితా స్క్రీన్ ఎర్రగా మారింది. మా అకాడమీ నుంచి పైకొచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు, మిగతా ఇద్దరినీ లాభం వస్తుందని ముందు వేసవిలో అమ్మేసింది నేనే. అకాడమీ కుర్రాణ్ణి అమ్మితే వచ్చిన డబ్బంతా ఖాతాల్లో లాభం కిందే పడుతుంది, అందుకే క్లబ్బులు వాళ్లనే ముందు అమ్మడానికి చూస్తాయి. ఆ ఆశకి నేనూ లొంగాను. చివరికి అంత డబ్బు పోసి కొన్న స్ట్రైకర్‌ని యూరప్ జాబితాలోంచి తీసేయాల్సొచ్చింది. బయట ఇదే జరిగితే నేను ఏమనేవాణ్ణి? కోచ్‌కి అతనంటే పడదు, ఇదంతా పగ, అనేవాణ్ణి. అన్నాను కూడా, ఒకటికి రెండుసార్లు.

అమ్ముడుపోని ఆటగాళ్ల బాధ కూడా చెప్పాలి. ముందున్నవాళ్లు నాలుగేళ్ల కాంట్రాక్టు, పెద్ద జీతం ఇచ్చి కొన్న రైట్ వింగర్ ఒకడు నా నెత్తిన పడ్డాడు. ఆడించను, అమ్ముదామంటే అంత జీతం ఇంకెవరూ ఇవ్వరు, లోన్‌కి (వేరే క్లబ్బుకి అరువుగా) పంపుదామంటే సగం జీతం మేమే కట్టాలి. అతను కూర్చున్నంతకాలం ఆ డబ్బుతో రావాల్సిన లెఫ్ట్ బ్యాక్ రాడు. చెల్సీ 2022-23లో చేసింది దీనికి పెద్ద రూపం. ముద్రిక్‌కి, ఎంజో ఫెర్నాండెజ్‌కి ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టులు రాశారు. కొన్న ధరని కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి లెక్క రాసుకుంటారు కాబట్టి ఏడాదికి పడే ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది. తర్వాత యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఆ లెక్కకి ఐదేళ్ల హద్దు పెట్టింది, ప్రీమియర్ లీగ్ కూడా 2023 డిసెంబర్‌లో అదే దారి పట్టింది. ఆ సీజన్‌లో కోచ్ టుకెల్‌ని సెప్టెంబర్‌లో, గ్రాహమ్ పాటర్‌ని ఏప్రిల్‌లో తీసేశారు, మిగిలిన మ్యాచ్‌లకి ఫ్రాంక్ లాంపార్డ్‌ని పిలిచారు, 12వ స్థానంలో ముగించారు. కోచ్ మారినప్పుడల్లా స్క్వాడ్ మారదు. ఒకరి కోసం కొన్నవాళ్లు ఇంకొకరి బెంచ్ మీద కూర్చుంటారు.

ఇలా చూస్తే పాత సంగతులు కూడా వేరుగా కనిపిస్తున్నాయి. 2003లో రియల్ మాడ్రిడ్ లీగ్ గెలిచిన కోచ్ డెల్ బోస్కే కాంట్రాక్టుని పొడిగించలేదు, అదే వేసవిలో బెక్‌హామ్‌ని తెచ్చుకుని, బంతి లాక్కునే మిడ్‌ఫీల్డర్ మకెలెలెని చెల్సీకి వదిలేసింది. మరుసటి సీజన్ చివరి ఐదు లీగ్ మ్యాచ్‌లు వరసగా ఓడి నాలుగో స్థానం. ఆ తర్వాత లీగ్ మళ్లీ గెలవడానికి 2007 దాకా పట్టింది. లెస్టర్ 2016లో ఎవరూ ఊహించని టైటిల్ గెలిచింది, ఆ వేసవిలోనే మిడ్‌ఫీల్డర్ ఎన్గోలో కాంటే చెల్సీకి వెళ్లిపోయాడు, 2017 ఫిబ్రవరిలో కోచ్ రనియేరిని తీసేశారు. నేను ఆరోజు రనియేరి పద్ధతులు అందరికీ తెలిసిపోయాయని గట్టిగా వాదించాను. అందులో కొంత నిజముండొచ్చు. కానీ మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరి పని ఒక్కడే చేసే మనిషి పోయాక ఏ పద్ధతి నిలబడుతుందో, నా స్క్వాడ్‌లోంచి అలాంటివాణ్ణే ఒకణ్ణి అమ్మాకగానీ నాకు తెలియలేదు. గోల్స్ కొట్టినవాణ్ణి అమ్మితే అందరికీ తెలుస్తుంది, బంతి లాక్కునేవాణ్ణి అమ్మితే నెల తర్వాత డిఫెన్స్ పాడైందంటాం.

అయితే కోచ్ ఏం చేసినా ఒప్పేసుకోమని ఈ గేమ్ చెప్పదు, నేనూ చెప్పను. కొన్ని విషయాల్లో ఇప్పుడు నా కోపం ఇంకా పెరిగింది. ముఖ్యంగా సబ్‌ల విషయంలో. 2022 నుంచి ఆట నియమాల్లోనే ఐదు సబ్‌లకి శాశ్వతంగా చోటుంది, హాఫ్ టైమ్ కాక మూడుసార్లు ఆట ఆపి మార్చుకోవచ్చు. గేమ్‌లో అరవై ఐదో నిమిషానికి నా వింగ్ బ్యాక్ ఒంట్లో శక్తి లేదని ఎదురుగా కనిపిస్తుంటుంది, అయినా 1-0 తో ముందున్నాం కదా, కదిలిస్తే ఏమవుతుందోనని చెయ్యి ఆడదు. ఆ భయం నాకు తెలుసు, ఇంట్లో కూర్చున్నా గుండె దడదడలాడేది. 88వ నిమిషంలో అతని పక్కనుంచే గోల్ పోయింది. కాబట్టి నిజం కోచ్ ఎనభై ఐదో నిమిషం దాకా ఆగినప్పుడు ఎందుకు ఆగాడో అర్థమవుతుంది, అర్థమైనంత మాత్రాన అది సరైపోదు. భయపడకుండా నిర్ణయం తీసుకోవడానికే ఆ ఉద్యోగం. అలాగే ఒకే తప్పుని వారం వారం చేయడం, ఓడాక ప్రతిసారీ రిఫరీ మీదో పిచ్ మీదో తోసేయడం, ఒక కుర్రాడి పేరు చెప్పి అందరి ముందు నిందించడం, వీటిని అభిమాని అడగాల్సిందే. గేమ్‌లో నేను ఒకసారి ప్రెస్ మీట్‌లో గోల్‌కీపర్‌ని తప్పుపట్టాను, ఆరు వారాలు అతను కోలుకోలేదు.

మనం పూర్తిగా పొరపాటుపడిన సందర్భాలూ ఉన్నాయి. ఆర్సెనల్ 2021-22 సీజన్ మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లూ ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఓడి టేబుల్ అడుగున ఉంది. అంతకు ముందు రెండు సీజన్లూ ఎనిమిదో స్థానమే. కోచ్ ఆర్టెటాని తీసేయమన్నవాళ్లలో నా ఆర్సెనల్ స్నేహితులు సగం మంది ఉన్నారు. ఆ వేసవిలో కొన్న ఆరుగురూ 23 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసువాళ్లు, వాళ్లలో ఒడెగార్డ్, బెన్ వైట్ ఉన్నారు. ఆ సీజన్ ఐదో స్థానంలో ముగిసింది, తర్వాత వరసగా మూడు సీజన్లు రెండో స్థానం. స్క్వాడ్ వయసు చూసి ఓపిక పట్టాల్సింది, మనం పాయింట్ల పట్టికొక్కటే చూశాం. నేనైతే ఇప్పుడు ఏ క్లబ్ గురించైనా వాదించే ముందు, ఏ వయసువాళ్లని కొన్నారు, ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది అన్నది చూస్తున్నాను.

గేమ్‌కి ఉన్న హద్దులు కూడా చెప్పాలి. ఆటగాళ్ల గుణాలన్నీ 1 నుంచి 20 దాకా అంకెల్లో ఉంటాయి. ధైర్యం ఇంత, ఏకాగ్రత ఇంత, అని. నిజం కోచ్ చేతికి ఆ అంకెలు ఎవరూ ఇవ్వరు, అతను రోజూ మైదానంలో చూసి ఊహించుకోవాలి. అంకెలు చూసీ చూసీ మనకి లేని నమ్మకం ఒకటి వచ్చేస్తుంది, ఫలానావాడు 16, ఇంకా బెంచ్ మీదేంటి, అని. 2001-02 వెర్షన్‌లో మిల్‌వాల్ కుర్రాడు చెర్నో సాంబా ప్రపంచంలోనే గొప్ప స్ట్రైకర్ అయిపోయేవాడు, నిజ జీవితంలో అతని కెరీర్ అలా సాగలేదు. ఆ అంకెల బరువు ఆ కుర్రాడి మీద ఎంత పడి ఉంటుందో అనిపిస్తుంది నాకు. ఇంకోటి, ఇంట్లో పిల్లకి జ్వరమొచ్చి రాత్రంతా నిద్రలేని ఆటగాడు, కొత్త దేశంలో భాష రాక గదిలో ఒంటరిగా కూర్చున్నవాడు, వీళ్లు గేమ్‌లో ఒక చిన్న గుర్తుగా మాత్రమే కనిపిస్తారు. కోచ్ లైనప్ వెనక అలాంటివి ఎన్నుంటాయో మనకి ఎప్పటికీ తెలియదు.

ఈ 26వ వెర్షన్ గురించి. ముందు రావాల్సిన 25ని 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు, యూనిటీ ఇంజిన్ (గేమ్‌లు కట్టే సాఫ్ట్‌వేర్) మీద కట్టిన 26 ఆ ఏడాది నవంబర్ 4న వచ్చింది. వచ్చినప్పుడు మెనూల అమరిక మీద పాత ఆటగాళ్ల నుంచి చాలా విమర్శ వచ్చింది, గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లో రివ్యూలు కూడా తొలి రోజుల్లో ఎక్కువ భాగం వ్యతిరేకంగానే ఉన్నాయి. ఏళ్లుగా ఆడుతున్నవాళ్ల చేతులు పాత చోటే వెతుకుతాయి కాబట్టి వాళ్ల బాధ నిజం. నాలా కొత్తగా వచ్చినవాళ్లకి ఆ పోలిక లేదు. నాకు బాగా నచ్చిన మార్పు, బంతి మన దగ్గరున్నప్పుడు ఒక ఆకారం, లేనప్పుడు ఇంకో ఆకారం విడివిడిగా పెట్టుకోవడం. టీవీలో చూసేటప్పుడు లెఫ్ట్ బ్యాక్ మిడ్‌ఫీల్డ్‌లోకి ఎందుకు వస్తున్నాడో ఇప్పుడు కంటికి తెలుస్తోంది. మహిళల ఫుట్‌బాల్ ఈ సిరీస్‌లోకి మొదటిసారి వచ్చింది కూడా దీంతోనే. అక్కడ కాంట్రాక్టులు పొట్టివి, డబ్బిచ్చి కొనడం తక్కువ, ఏటా స్క్వాడ్ సగం మారిపోతుంది, కాబట్టి అది పూర్తిగా వేరే పరీక్ష. అందులో నేను ఇంకా మొదటి సీజన్‌లోనే ఉన్నాను.

ఈ గేమ్ ఆడి పెరిగి నిజంగా కోచ్ అయినవాళ్లు కూడా ఉన్నారు. విల్ స్టిల్ 2022 అక్టోబర్‌లో ఫ్రాన్స్‌లో రాన్స్ క్లబ్ చేపట్టాడు, అతనికి అవసరమైన లైసెన్స్ లేనందుకు క్లబ్ మ్యాచ్ మ్యాచ్‌కీ జరిమానా కట్టింది, అయినా మొదటి 17 లీగ్ మ్యాచ్‌ల్లో ఓడలేదు. అదే మనిషిని సౌతాంప్టన్ 2025 నవంబర్‌లో తీసేసింది, వచ్చి నాలుగైదు నెలలే.

ఎవరు కొనాలి అంటే, వారానికి ఐదారు గంటలు కూర్చోగలిగి, పట్టికలు చదివే ఓపిక ఉన్నవాళ్లు. మ్యాచ్ హుషారు మాత్రమే కావాలనుకునేవాళ్లకి ఇది వద్దు, మొదటి పది గంటలు చదవడమే ఉంటుంది. ఫోన్‌లో చిన్న వెర్షన్ నెట్‌ఫ్లిక్స్ చందా ఉన్నవాళ్లకి దొరుకుతుంది, స్క్వాడ్ కట్టడం రుచి చూడాలంటే దాంతో మొదలుపెట్టొచ్చు, కానీ డ్రెస్సింగ్ రూమ్ బరువు తెలియాలంటే కంప్యూటర్ వెర్షనే. నేను ఐదుకి నాలుగు ఇస్తాను.

మొన్న మా టీమ్ లైనప్ వచ్చింది, లెఫ్ట్ బ్యాక్ మళ్లీ లేడు. గ్రూపులో మెసేజ్ పెట్టే ముందు ఆగి చూశాను. ఎనిమిది రోజుల్లో మూడు మ్యాచ్‌లు పూర్తిగా ఆడాడు, అతనికి బదులు ఆడేవాణ్ణి వేసవిలో లోన్‌కి పంపేశారు, కొత్తవాణ్ణి కొనలేదు. "కోచ్‌కి బుద్ధి లేదు" అని రాయబోయి, "ఆ లోన్‌కి ఎవరు ఒప్పుకున్నారు" అని రాశాను. రెండు గంటల పాటు దాని మీదే మాట్లాడుకున్నాం. ఈ సీజన్ చివరికి మా టీమ్‌లో నలుగురి కాంట్రాక్టులు ముగుస్తున్నాయి, వాళ్లలో ఇద్దరు అకాడమీ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లని ఉంచుతారా అమ్మేస్తారా అన్నదే ఇప్పుడు నా టెన్షన్.